స్టార్టరు డబ్బాలో కంప్యూటరు

వాషింగ్ మెషిన్ ఆగిపోయిందని పిలిస్తే మెకానిక్ వచ్చి మూత విప్పుతాడు, రెండు వైర్లు కదిపి చూస్తాడు, ఎక్కువసార్లు ఒకటే మాట చెబుతాడు: "పీసీబీ పోయిందండీ." ఏసీకైనా ఇన్వర్టర్‌కైనా ఇదే మాట. ఇంట్లోవాళ్ల చెవికి అందులో ఖర్చు ఎంతన్నదే వినిపిస్తుంది. పీసీబీ అంటే భాగాలన్నీ అతికించిన సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డు మీద గోరంత నల్ల చిప్పు ఒకటి ఉంటుంది. లెక్క చేసే భాగం, ప్రోగ్రాము దాచుకునే చోటు, పని మధ్యలో అంకెలు గుర్తుపెట్టుకునే చోటు, అడుగులు వేయించే గడియారం, బయటి వైర్లను అందుకునే కాళ్లు, అన్నీ అందులోనే ఉంటాయి. తెర, కీబోర్డు లేకపోయినా అది పూర్తి కంప్యూటరే.

ఇంతకీ పోయింది ఆ చిప్పేనా అంటే, చాలాసార్లు కాదు. పోయేది పక్కనున్న పవర్ సప్లై: ఒక కెపాసిటర్, ఒక ఫ్యూజు, 230 వోల్టులను 5 వోల్టులు చేసే చిన్న ఐసీ. తేమకూ బల్లులకూ భయపడి కంపెనీలు బోర్డు మొత్తాన్ని రబ్బరులాంటి జిగురులో ముంచేస్తాయి కాబట్టి ఆ చిన్న భాగాన్ని మార్చడం కష్టం. అందుకే బోర్డంతా మార్చాల్సి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. చిన్న కంప్యూటర్ల కథలో మెదడు చెడిపోవడం అరుదు, దానికి తిండి పెట్టే చోటా అది చెయ్యి చాపే చోటా తేడాలొస్తాయి.

"చిన్న" అన్న మాటకు కాలాన్ని బట్టి అర్థం మారింది. 1965లో వచ్చిన పీడీపీ-8ని మినీ కంప్యూటర్ అన్నారు. గదులు నింపే యంత్రాల పక్కన ఫ్రిజ్ అంతది చిన్నదే మరి. 1969లో హైదరాబాదు ఈసీఐఎల్ నుంచి వచ్చిన టీడీసీ-12 కూడా ఆ కోవదే. 1971లో ఇంటెల్ 4004 వచ్చింది. జపాన్ కంపెనీ ఒకటి క్యాలిక్యులేటర్ కోసం చేయించుకున్న ఆ చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లున్నాయి. అయితే దానికి మెమరీ విడిగా తగిలించాలి. మెమరీతో సహా అంతా ఒకే చిప్పులో కుదించినదాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. ఇంజినీరింగ్ కాలేజీల ఈసీఈ ల్యాబుల్లో తరాల తరబడి చెప్పిన 8051 ఆ జాతిదే. 1980లో వచ్చిన దాని అసలు రూపంలో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, పని మెమరీకి 128 బైట్లు. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి సాధారణంగా 3 బైట్లు తింటుంది. అంటే ఆ 128 బైట్లలో అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ కలిపి 42 గుర్తులు పడతాయి, ఒక మోస్తరు వాక్యానికే చోటు చాలదు. అంత ఇరుకులోనే అది మెషిన్లు నడిపింది.

ఇప్పుడు చిన్న కంప్యూటర్ కొనాలని బజారుకు వెళితే రెండు జాతులు ఎదురవుతాయి. ఒకటి మైక్రోకంట్రోలర్ బోర్డు: ఆర్డుయినో ఊనో, ఈఎస్‌పీ32, పైకో లాంటివి. ఆపరేటింగ్ సిస్టమ్ అక్కర్లేదు. కరెంటు ఇవ్వగానే సెకను లోపే పనిలో దిగుతుంది, మధ్యలో పీకేసినా ప్రోగ్రాముకు ఏమీ కాదు. రెండోది రాస్ప్‌బెరీ పై లాంటి సింగిల్ బోర్డ్ కంప్యూటర్. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో అమ్మకానికి వచ్చిన తొలి మోడల్‌లో ర్యామ్ 256 మెగాబైట్లు. అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, మానిటర్, మౌస్ తగిలించుకోవచ్చు. గేటు దగ్గర వాచ్‌మన్‌కూ ఆఫీసులో గుమాస్తాకూ ఉన్న తేడా ఇది. వాచ్‌మన్‌ది ఒకటే పని, లేవగానే కర్ర పట్టుకుంటాడు. గుమాస్తా పది పనులు చేస్తాడు, కానీ బీరువా తెరవాలి, ఫైళ్లు సర్దాలి, పోయేటప్పుడు మళ్లీ సర్దిపెట్టి పోవాలి.

ఆ సర్దుకునే టైము ఇవ్వకుండా కరెంటు పోతే దెబ్బ తగిలేది గుమాస్తా జాతికే. రాస్ప్‌బెరీ పై ఎస్‌డీ కార్డు మీద ఏదో రాస్తుండగా సప్లై పోతే ఫైలు సగంలో ఆగిపోతుంది. ఒక్కోసారి కార్డే మళ్లీ బూట్ కాదు. రోజుకు రెండుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది. బోర్డు రాసుకునే పని చిట్టాలను (లాగ్‌లు) ర్యామ్‌లో పెట్టడం, సిస్టమ్ భాగాన్ని రాయడానికి వీల్లేని పద్ధతిలో ఉంచడం, కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ వాడటం, ఈ మూడూ చేస్తే చాలావరకు గట్టెక్కుతుంది. ఇంకో తగాదా ఛార్జరు. సప్లై 4.63 వోల్టుల దిగువకు జారితే తెర మూల మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. బోర్డు పాడైందని చాలామంది అనుకుంటారు. అసలు దొంగ ఎక్కువగా సన్నటి యూఎస్‌బీ కేబులు. వేడి 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇది కూడా చెడిపోవడం కాదు.

ఇంట్లో ఫైళ్లు దాచుకోవడానికి, దుకాణంలో ధరల తెర నడపడానికి, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఈ జాతి బాగా నప్పుతుంది. రాత్రీపగలూ నడిచే పనికైతే కరెంటు లెక్క కూడా చూసుకోవాలి. 3 వాట్లు తినే బోర్డు నెలకు 2 యూనిట్ల పైచిలుకు కాలుస్తుంది. అదే పనికి 60 వాట్ల పాత డెస్క్‌టాప్ పెడితే 43 యూనిట్లు. ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి మాత్రం ఈ బోర్డు పెట్టడం గుమాస్తాను గేటు దగ్గర నిలబెట్టడమే.

ఇంట్లోనూ జేబులోనూ ఉన్నవాటిని లెక్కపెట్టుకుంటూ పోతే వేళ్లు చాలవు. ఏటీఎం కార్డు మీది బంగారు రంగు బిళ్ల కింద ఒక కంప్యూటరుంది. దానికి బ్యాటరీ లేదు, మెషిన్లో పెట్టినప్పుడు మెషిన్ ఇచ్చే కరెంటుతోనే మేలుకొని, తన లోపలి రహస్య సంఖ్యను బయట పెట్టకుండా దానితో ఆ ఒక్క లావాదేవీకి సరిపడే సంతకం చేసి, మళ్లీ నిద్రపోతుంది. తాకిస్తే చెల్లింపు జరిగే కార్డుకైతే ఆ కరెంటు కూడా 13.56 మెగాహెర్ట్జ్ రేడియో అలల ద్వారా గాలిలోంచే వస్తుంది. సిమ్ కార్డుదీ ఇదే కుటుంబం. కిరాణా కొట్టులో "యాభై రూపాయలు అందాయి" అని అరిచే సౌండ్ బాక్సు కూడా సిమ్, స్పీకరు తగిలించిన చిన్న కంప్యూటరే.

కరెంటు మీటరులోని కంప్యూటర్ని మాత్రం ఉచితంగా వాడుకోవచ్చు. మీటరు ముందు ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో అచ్చు వేసి ఉంటుంది, 3200 అని ఉందనుకుందాం. ఫ్రిజ్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఆపి, నిమిషంలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను 18.75తో గుణిస్తే వాట్లు వస్తాయి. 8 మిణుకులైతే 150 వాట్లు. ఏ పరికరం బిల్లు పెంచుతోందో తేల్చడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

కరెంటు రాగానే మోటారు వేయడం తెలివేనా?

పొలంలో బోరు దగ్గర ఇనప డబ్బా తెరిస్తే ఈ విషయం అసలు రూపంలో కనిపిస్తుంది. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో రైతు టార్చి పట్టుకొని పాములకూ షాకులకూ భయపడుతూ మోటారు వేయడానికి పోవాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించింది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే అదే వేసేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు మాత్రం కథ తిరగబడింది. ఆటో స్టార్టర్లుంటే మోటార్లు రేయింబవళ్లు నడిచి భూగర్భ జలం అడుగంటుతుందని, వాటిని తీసేయాలని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది.

ఆ డబ్బా చేసిన తప్పేమీ లేదు. కరెంటుందా, అయితే వెయ్యి, దానికి తెలిసింది అంతే. మడి తడిసిందా, బోరు ఎండిందా, ఒక ఫేజు పోయిందా అని అడగడం దానికి రాదు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) ఒకటి, టైమరు ఒకటి కలిపితే ఎవరైనా స్విచ్ వేయగలరు. ఎప్పుడు వేయకూడదో తెలుసుకోవడం కోసమే అక్కడ కంప్యూటర్ కావాలి.

మొదటి "వేయకూడదు" కరెంటు వచ్చిన తొలి క్షణాల్లోనే వస్తుంది. ఊరి చివర 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. 415 వోల్టుల దగ్గర అది నిండుగా ఇవ్వగలిగేది ఫేజుకు సుమారు 88 ఆంపియర్లు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు నడుస్తున్నప్పుడు 8, 9 ఆంపియర్లు లాగుతుంది, నేరుగా స్టార్ట్ చేస్తే ఒకట్రెండు సెకన్లపాటు దానికి ఐదారు రెట్లు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద పది మోటార్లుంటే నడిచేటప్పుడే అది నిండింది. పదీ ఒకేసారి లేస్తే అడిగేది 400 ఆంపియర్ల పైనే. వోల్టేజీ కుంగుతుంది, ఏ మోటారూ సరిగ్గా లేవదు, ఫ్యూజులు పోతాయి. ఒక్కో డబ్బా ఒక్కో ఆలస్యంతో వేస్తే ఈ గొడవే ఉండదు. 30 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా ఎంతసేపు ఆగాలో డబ్బా తనకు తానే చీటీ తీసినట్టు ఎంచుకోవచ్చు. ప్రోగ్రాములో ఇది నాలుగైదు వరుసలకు మించదు. డబ్బాలన్నిటికీ ఫ్యాక్టరీలో ఒకే ఆలస్యం పెట్టి పంపితే మాత్రం అందరూ ఒక నిమిషం ఆగి, మళ్లీ ఒకేసారి లేస్తారు.

రెండోది ఫేజు పోవడం. మూడు ఫేజుల మీద నడవాల్సిన మోటారు రెండింటి మీద ఈడ్చుకుంటూ పోతే మిగిలిన చుట్లలో కరెంటు పెరిగి వైండింగ్ కాలుతుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు వోల్టేజీ కొలిచి చూస్తే పోయిన ఫేజు తేలిగ్గా దొరుకుతుంది. నడుస్తుండగా పోతే మాత్రం కొలత మోసం చేస్తుంది. తిరుగుతున్న మోటారే జనరేటరులా మారి, పోయిన ఫేజులో దాదాపు అసలు వోల్టేజీకి దగ్గరగా తిరిగి పుట్టిస్తుంది. వోల్టేజీ ఒక్కటే చూసే చవక రక్షణ డబ్బాలు ఇక్కడే బోల్తా పడతాయి. ప్రతి ఫేజులో కరెంటు కొలవాలి. వైరు చుట్టూ తొడిగే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు మూడు కావాలి, కనీసం రెండు. వైరులో కరెంటు సున్నా అయితే ఏ మోటారూ దాన్ని దాచలేదు.

మూడోది బోరు ఎండటం. నీళ్లుంటేనే పంపుకు బరువు. నీళ్లు అయిపోతే బరువు తగ్గి మోటారు లాగే కరెంటు పడిపోతుంది. బిగించిన రోజే నిండు నీళ్లతో నడుస్తున్నప్పటి కరెంటు కొలిచి, అందులో ముప్పాతికకు తగ్గితే ఆపాలని పెట్టుకోవాలి. స్టార్ట్ చేసిన తొలి పది సెకన్లు ఈ కొలతను పట్టించుకోకూడదు, పైపు నిండేదాకా అంకెలు ఎగిరెగిరి పడతాయి. ఆపాక వెంటనే మళ్లీ వేయడం పెద్ద పొరపాటు. బోరు ఊరడానికి అరగంటో గంటో ఇవ్వాలి. వోల్టేజీ మారినప్పుడు కరెంటు కూడా మారుతుంది కాబట్టి, కరెంటుతోపాటు వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో ఎంత భాగం నిజంగా పనికి పోతోందో చెప్పే అంకె) కలిపి చూసే డబ్బా తప్పుడు కారణంతో ఆగడం తక్కువ.

ఇంత తెలివిని పాత స్టార్టరుకు ఎలా కలుపుతారన్నది చూడదగ్గ విషయం. మామూలు స్టార్టరులో పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు వేసి తీసే పెద్ద రిలే) కాయిల్‌కు కరెంటు అందుతుంది, కాంటాక్టర్ పడగానే దాని పక్క కాంటాక్టు ఆ బటన్ పని తాను తీసుకుంటుంది, అందుకే వేలు తీసినా మోటారు ఆగదు. ఎర్ర బటన్ ఆ దారిని తెంపుతుంది. కంప్యూటరు బోర్డు నుంచి రెండు రిలేలు వస్తాయి. ఒకదాన్ని పచ్చ బటన్‌కు సమాంతరంగా కలపాలి, అది ఒక సెకను మూసుకొని తెరుచుకుంటే చాలు, వేలితో నొక్కినట్టే. రెండోదాని మామూలుగా మూసి ఉండే కాంటాక్టును ఎర్ర బటన్‌తో వరుసలో కలపాలి. ఇలా చేస్తే కంప్యూటర్ బోర్డు మొత్తం కాలిపోయినా బటన్లు ఎప్పటిలాగే పనిచేస్తాయి. పైరు ఎండుతుంటే బోర్డు కోసం వారం రోజులు ఎదురుచూడాల్సిన గతి పట్టదు. ఒకే రిలే పెట్టి కాయిల్‌ను నేరుగా దాని చేతిలో పెట్టే బిగింపు చూడ్డానికి సులువు, కానీ బోర్డు పోయిన రోజు మోటారూ పోయినట్టే.

ఫోను చేస్తే మోటారు వేసే డబ్బాల్లో ఇంకో చిక్కుంది. 2జీ మాడ్యూల్ టవరుకు మాట పంపేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా గుక్క పెడుతుంది. మిగతా సమయమంతా దానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. సగటు చూసి 500 మిల్లీ ఆంపియర్ల సప్లై పెడితే నెట్‌వర్క్ కోసం వెతికిన ప్రతిసారీ వోల్టేజీ కుంగి మాడ్యూల్ మళ్లీ మొదటికొస్తుంది. "సిగ్నల్ లేదు" అని టవరును తిట్టుకుంటారు. 2 ఆంపియర్లు ఇవ్వగల సప్లై, మాడ్యూల్ కాళ్లకు ఆనుకొని 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. 2జీ మాడ్యూల్‌లో జియో సిమ్ వేస్తే పని చేయదు, ఆ నెట్‌వర్క్‌లో 2జీ లేదు కాబట్టి. ముందే రాసిపెట్టిన నంబర్లకు తప్ప దేనికీ స్పందించకుండా చూడటం కూడా తప్పనిసరి, లేకపోతే ఏ రాంగ్ కాలో మోటారు వేసేస్తుంది.

ఈ డబ్బాల తెర మీద తెలుగు ఎందుకు కనపడదని అడిగేవాళ్లుంటారు. చవక రకం రెండు వరుసల ఎల్‌సీడీలో ఇంగ్లీషు అక్షరాలు ముందే అచ్చై ఉంటాయి. మనం కొత్తగా గీసుకోవడానికి ఎనిమిది గళ్లే ఇస్తారు, అవీ 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. ఒత్తులూ గుణింతాలూ ఉన్న లిపి అందులో ఇమడదు. అందుకే కొందరు తయారీదారులు తెర జోలికి పోకుండా ఫోన్లో తెలుగు మాటలు వినిపించే దారి పట్టారు. "మోటారు ఆగింది, నీళ్లు లేవు" అని వినడం చదవడంకన్నా మేలు కూడా.

ఇంటి మీద ట్యాంకు

పట్నాల్లో ఇదే పని చిన్న ఎత్తున జరుగుతుంది: కింద సంపు, మీద ట్యాంకు, మధ్యలో 1 హెచ్‌పీ మోనోబ్లాక్. ముందే ఒక మాట. ట్యాంకు నిండగానే ఆగడం ఒక్కటే కావాలంటే కంప్యూటర్ అక్కర్లేదు, ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి మూసుకొని తెరుచుకునేది), కాంటాక్టర్ చాలు. సంపు ఎండినప్పుడు వేయకూడదు, పైపు ఊడితే ఆగాలి, రాత్రి పదింటి తర్వాత చప్పుడు చేయకూడదు అని షరతులు పెరిగితేనే బోర్డు.

కావలసినవి: ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, 5 వోల్టుల 2 ఆంపియర్ల సప్లై ఒకటి, ఫ్లోట్ స్విచ్‌లు మూడు (ట్యాంకు పైన, ట్యాంకు కింద, సంపులో), రిలే మాడ్యూల్ ఒకటి, 240 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ ఒకటి, నాలుగు జతల ల్యాన్ కేబులు ఎంత దూరమైతే అంత, 1 కిలోఓమ్ రెసిస్టర్లు మూడు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా. 230 వోల్టుల వైపు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపే స్విచ్) పెట్టాలి. నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉండే చోట ఇందులో బేరం లేదు.

నీటి మట్టం కొలవడానికి ఫ్లోట్‌ల బదులు అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచేది) పెట్టాలని అందరికీ ముచ్చటే, ఫోన్లో శాతం కనిపిస్తుంది కదా. మామూలు హెచ్‌సీ-ఎస్‌ఆర్04ను ట్యాంకు మూత కింద బిగిస్తే ఆవిరి పట్టి తుప్పెక్కుతుంది. నీళ్లకు తట్టుకునే రకానికి 20, 25 సెంటీమీటర్ల లోపు దూరం కనపడదు. అంటే ట్యాంకు నిండే చివరి జానెడు, సరిగ్గా మనకు కావలసిన చోటే, అది గుడ్డిది. పైగా ఎండకు గాలి వేడెక్కితే ధ్వని వేగం మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. మీటరు లోతులో మూడున్నర సెంటీమీటర్ల తేడా. మీటరు వ్యాసమున్న ట్యాంకులో సెంటీమీటరుకు 7.85 లీటర్లు కాబట్టి 27 లీటర్ల దాకా తప్పు లెక్క. శాతం చూసుకోవడానికి పరవాలేదు, మోటారు ఆపడానికి మాత్రం పైన ఒక ఫ్లోట్ ఉండాల్సిందే. స్టీలు కడ్డీలు ముంచి కొలిచే పద్ధతి ఇంకా చవక. కానీ వాటిలో ఎడతెగకుండా డీసీ పారిస్తే విద్యుద్విశ్లేషణ వల్ల ఒక కడ్డీ తినుకుపోతుంది, బోరు నీళ్ల ఉప్పు ఇంకోదాని మీద పేరుకుంటుంది. చూసే క్షణంలో తప్ప వాటికి కరెంటు ఇవ్వకూడదు.

ఫ్లోట్ ఎటు కలపాలన్నది చిన్న విషయంలా కనిపించే పెద్ద విషయం. ట్యాంకు నిండనప్పుడు స్విచ్ మూసి ఉండేలా, నిండితే తెరుచుకునేలా కలపాలి. అప్పుడు ఎలుక వైరు కొరికినా, జాయింటు ఊడినా బోర్డుకు "నిండింది" అనే కనిపిస్తుంది, మోటారు ఆగుతుంది. తలకిందులుగా కలిపితే తెగిన వైరు "ఇంకా నిండలేదు" అని చెబుతూనే ఉంటుంది, వీధి దాకా నీళ్లు పారతాయి.

మేడ మీది నుంచి 20 మీటర్ల వైరు ఏరియల్ లాంటిది, మోటారు ఆన్ ఆఫ్ అయినప్పటి గోలంతా లాగుతుంది. చిప్పు లోపలి పుల్-అప్ రెసిస్టర్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు వైరు వోల్టేజీని పైన నిలిపి ఉంచేది) దీనికి చాలదు, 1 కిలోఓమ్ విడిగా పెట్టాలి, చిప్పు కాలి దగ్గర 0.1 మైక్రోఫారడ్ పెట్టాలి. ప్రోగ్రాములో కూడా ఏ మార్పునైనా 5 సెకన్లు నిలకడగా ఉంటేనే నమ్మాలి. ట్యాంకులో నీళ్లు అలలాడుతుంటే ఫ్లోట్ కూడా ఊగుతుంది కదా.

షుగర్ క్యూబ్ రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉందని మోటారును దానికే తగిలించేవాళ్లున్నారు. ఆ అంకె హీటరులాంటి లోడుకు. మోటారు స్టార్టింగు తాకిడికి కాంటాక్టులు అతుక్కుపోతాయి, బోర్డు "ఆపు" అన్నా ఆగదు. రిలే కాంటాక్టర్‌ను నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. కాంటాక్టర్ కాయిల్ అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ కలిపిన స్నబ్బర్ (కాయిల్ ఆగినప్పుడు లేచే వోల్టేజీని మింగే జత) లేకపోతే, మోటారు ఆగిన ప్రతిసారీ ఈఎస్‌పీ32 కూడా రీసెట్ అవ్వొచ్చు. ఇంకో మాయ: 5 వోల్టుల రిలే మాడ్యూల్‌ను 3.3 వోల్టుల బోర్డుతో నేరుగా కలిపితే ఒక్కోసారి రిలే పడుతుంది గానీ వదలదు. ఆఫ్ చేసినా మధ్యలో 1.7 వోల్టుల తేడా మిగిలిపోయి, లోపలి ఎల్‌ఈడీ కొద్దిగా వెలుగుతూనే ఉండటమే కారణం. రిలే కాయిల్‌కు 5 వోల్టులు, సంకేతం వైపు 3.3 వోల్టులు విడివిడిగా ఇస్తే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ కాపాడే రక్షణకు పైసా ఖర్చు లేదు: గరిష్ఠ సమయం. నిమిషానికి 40 లీటర్లు తోడే మోటారు 1000 లీటర్ల ట్యాంకును 25 నిమిషాల్లో నింపాలి. 40 నిమిషాలైనా నిండకపోతే పైపు పగిలి ఉంటుంది, ఫుట్‌వాల్వు గాలి పీలుస్తూ ఉంటుంది, లేదా ఫ్లోట్ ఇరుక్కొని ఉంటుంది. ఏదైనా సరే ఆపేయాలి, మనిషి వచ్చి చూసేదాకా మళ్లీ వేయకూడదు.

యాభయ్యో రోజు

నెలన్నర బాగా నడిచి ఒక రోజు పిచ్చిగా ప్రవర్తించే డబ్బాలుంటాయి. ఆర్డుయినో పద్ధతిలో సమయాన్ని మిల్లీసెకన్లలో 32 బిట్ల సంఖ్యగా లెక్కిస్తారు. 49 రోజుల 17 గంటలకు ఆ సంఖ్య నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. "సమయం ఫలానా అంకె దాటితే ఆపు" అని రాసిన ప్రోగ్రాము ఆ రోజు ఆపడం మరిచిపోతుంది. "ఇప్పటి సంఖ్యలోంచి మొదటి సంఖ్య తీసేస్తే ఇన్ని నిమిషాలు దాటిందా" అని మైనస్ గుర్తు ఉండని (అన్‌సైన్డ్) సంఖ్యలతో రాస్తే ఈ బెడద లేదు. ఇది చిన్న బోర్డులకే పరిమితం కాదు. బోయింగ్ 787 విమానాల జనరేటర్ కంట్రోలర్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే ఇలాగే లెక్క నిండి ఆగిపోయే ప్రమాదముందని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కరెంటు తరచూ పోయే ఊళ్లలో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు, రోజూ కొత్తగా పుడుతున్న బోర్డుకు యాభయ్యో రోజు రాదు.

అలా పుట్టిన ప్రతిసారీ దానికి తేదీ తెలియదు. ఇంటర్నెట్ దొరికేదాకా ఈఎస్‌పీ32కి అది 1970 జనవరి 1, మన టైములో పొద్దున ఐదున్నర. పొద్దున ఆరింటికి మోటారు వేయాలని పెట్టుంటే, కరెంటు వచ్చిన అరగంటకు, అది అర్ధరాత్రైనా సరే, వేసేస్తుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెడితే ఏడాదికి నిమిషం తేడాతో సరిపోతుంది. వాటిలో చవక రకాల మీద బ్యాటరీని ఛార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. ఛార్జ్ చేయకూడని సీఆర్2032 బిళ్ల వేస్తే అది ఉబ్బుతుంది, ఆ సర్క్యూట్‌లోని రెసిస్టర్‌ను ముందే తీసేయాలి.

ప్రోగ్రాము ఎక్కడైనా ఇరుక్కుపోతే లేపడానికి చిప్పులోనే వాచ్‌డాగ్ ఉంటుంది. నిర్ణీత వ్యవధిలో ప్రోగ్రాము దాన్ని తట్టకపోతే అదే బోర్డును రీసెట్ చేస్తుంది. దాన్ని టైమర్ ఇంటరప్టులోంచి (టైమరు పిలిచినప్పుడల్లా అసలు పనిని ఆపి నడిచే చిన్న ముక్కలోంచి) తట్టించడం మాత్రం దండగ, అసలు ప్రోగ్రాము పడుకున్నా ఇంటరప్టు తడుతూనే ఉంటుంది.

ఎండలో నిలబెట్టిన ఇనప డబ్బా లోపల 65 డిగ్రీలు చేరడం మే నెలలో వింత కాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందన్నది ఈ పనిలో వాడే మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్నది 65 దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్ల పైన. డబ్బా మీద చిన్న రేకు నీడ వేసి పది డిగ్రీలు తగ్గిస్తే అది ఏడేళ్లవుతుంది. వైర్లు డబ్బా అడుగు నుంచే దూరాలి, పైనుంచి దూరితే వాటి వెంబడే నీళ్లు జారతాయి. దూరిన రంధ్రాలకు గ్లాండు (వైరు చుట్టూ బిగుసుకునే బిరడా) బిగించాలి, లేదంటే వెచ్చదనానికి చీమలూ బల్లులూ చేరతాయి. కాంటాక్టుల మధ్య పడ్డ ఒక్క బల్లి చాలు.

మూసేముందు ఇంకో రెండు పనులున్నాయి. బోర్డును పక్కన పెట్టి నేరుగా నడిపే బైపాస్ స్విచ్ ఒకటి, దాని మీద ఏ వైపు ఏదో తెలుగులో రాసిన చీటీ. మూత లోపలి వైపు వైరింగు బొమ్మ, పెట్టిన సెట్టింగులు, తేదీ రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో అంటించాలి. నాలుగేళ్ల తర్వాత ఆ మూత విప్పే మెకానిక్ ఎవరో తెలియదు. ఆ కాగితం లేకపోతే అతను కూడా "పీసీబీ పోయిందండీ" అనే అంటాడు.